వృథాగా సముద్రంలోకి

నేను రిటైరైన సాయంత్రం మా బావ ఫోన్ చేసి, "మొత్తానికి గట్టెక్కావు బావా" అన్నాడు.

అది 2020. కరోనా రోజులు. శాలువా లేదు, దండ లేదు, ఆఫీసు మెట్ల మీద గ్రూప్ ఫోటో లేదు. గేజి రిజిస్టర్లు అప్పగించి, సంతకం పెట్టి, మాస్కు సర్దుకుని స్కూటర్ మీద తెనాలి వచ్చేశాను. దారి పొడుగునా పక్కన కాలువ. ముప్పై నాలుగేళ్లు ఆ కాలువల మీదే తిరిగినవాణ్ని గనక, బావ అన్న మాట మామూలుగా అందరూ అనేదే అయినా నాకు అక్షరాలా తగిలింది. నిజంగానే గట్టెక్కాను.

మన మాటల్లో బతుకంతా నీళ్లే. సంసారం ఈదుతాం. అప్పుల్లో మునుగుతాం. పిల్ల పెళ్లి చేసి ఒడ్డున పడతాం. నమ్మినవాడు నట్టేట ముంచుతాడు. పనయ్యాక మొహం తిప్పుకున్నవాణ్ని, ఏరు దాటి తెప్ప తగలేశాడంటాం. ఇన్ని మాటలున్నాయి గాని, నీళ్ల మీద ఊరికే కూర్చోవడానికి నాకు ఒక్క మాటా తట్టలేదు. మనకు నీళ్లంటే దాటాల్సినవి, తోడాల్సినవి, పారించాల్సినవి. దాటాక గట్టు మీద నిలబడి చెంగు పిండుకుంటాం. అంతే, మళ్లీ వెనక్కి చూడం.

నా ఉద్యోగం అలాంటిదే. ఇరిగేషన్‌లో ఏఈగా చేరి డీఈగా దిగాను. కృష్ణా పశ్చిమ డెల్టా, 5.7 లక్షల ఎకరాల ఆయకట్టు. తెనాలి ఊళ్లోంచే మూడు కాలువలు వెళ్తాయి: తూర్పు కాలువ, పడమర కాలువ, నిజాంపట్నం కాలువ. ఆంధ్రా పారిస్ అన్న పేరు మా ఊరికి ఎవరు పెట్టారో గాని, ఆ పేరు విన్నప్పుడల్లా నాకు నాటకాలకంటే ముందు ఈ కాలువలూ వాటి మీది వంతెనలే గుర్తొస్తాయి. జూన్ వచ్చిందంటే ఇంట్లో మనిషిని కాను. పైన ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలారన్న కబురు రాగానే దుగ్గిరాల లాకుల దగ్గర కాపలా. అక్కడి నుంచి ఏ కాలువకు ఎంత, ఏ తూముకు ఎంత, ఎన్ని రోజులు, ఎవరి వంతు. ఉదయం ఆరింటికి గేజి, సాయంత్రం ఆరింటికి గేజి. తెల్ల ఎనామిల్ పలక మీద నల్ల గీతలు, అడుగులూ అంగుళాలూ. లస్కరు వంగి చూసి కేకేస్తాడు, నేను రాసుకుంటాను. వరద రోజుల్లో గంటగంటకీ అదే.

ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది. నేను నీళ్ల మట్టం చూశాను గాని నీళ్లను చూడలేదు.

ఆ రిజిస్టర్లతో పాటు ఒక మాట కూడా చేతికి అలవాటైంది. వరద వచ్చినప్పుడల్లా పేపర్లో చూస్తుంటారు మీరు: బ్యారేజీ నుంచి ఇన్ని లక్షల క్యూసెక్కులు "వృథాగా సముద్రంలోకి". సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్లు పారితే క్యూసెక్కు. పంట గట్టున నిలబడి ఎండిన నారు చూపించే రైతు ముందు నిలబడ్డవాడికి ఆ మాటలో తప్పేమీ కనబడదు. నేనూ నోట్ ఫైళ్లలో ఎన్నిసార్లో రాశాను. చివరి భూములకు నీళ్లందక, రాత్రిపూట తూముల దగ్గర కర్రలు లేచిన రోజులు చూసినవాణ్ని. అందుకే సముద్రం పేరు చెబితే నాకు, మేం దాచుకోలేకపోయినదంతా మింగే నోరే గుర్తొచ్చేది.

2022 వేసవిలో హైదరాబాదు నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. చెన్నై నుంచి విశాఖకు పెద్ద ఓడ వేస్తున్నారట, జూన్‌లో మొదలట, అయిదు రాత్రుల ప్రయాణమట. "మీ ఇద్దరికీ టిక్కెట్లు తీస్తున్నాను నాన్నా. వద్దనకండి."

మా ఆవిడ ఫోన్ లాక్కుంది. "డబ్బులు పోసి సముద్రంలోకి పోవడమేంటే? ఏ కాశీకో పంపినా ఓ అర్థముంది. వృథా ఖర్చు."

వృథా. నా మాటే, ఆవిడ నోట.

ఆవిడ వద్దనడానికి డబ్బు ఒక్కటే కారణం కాదని నాకు తెలుసు. ఆవిడది రేపల్లె పక్క పల్లెటూరు. పెనుమూడి రేవు దాటి అవతల పులిగడ్డలో దిగి, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడికి వెళ్లడం వాళ్లింట్లో మొక్కు. ఇప్పుడైతే వంతెన ఉంది, పది నిమిషాల పని. ఆవిడ చిన్నప్పుడు లాంచీ, పడవ. నడి కృష్ణలోకి వచ్చేసరికి వాళ్లమ్మ పిల్లల జడలు రెండూ కలిపి ఒక చేత్తో పట్టుకునేదట. అవతలి గట్టు తగిలాక గాని వదిలేది కాదట. కృష్ణ అక్కడ వెడల్పు. సముద్రం దగ్గరకొచ్చిన నది, పోటుకు ఉబ్బి ఆటుకు తగ్గే నది.

ఆ పైన 1977. నవంబరు 19 రాత్రి. ఆవిడకు పదిహేనేళ్లు. కృష్ణకు అవతల దివిసీమ మీద ఉప్పెన పడింది. వేలమంది పోయారు. ఇవతల వీళ్ల ఊళ్లో గాలి. తాటాకు కప్పు ఒక్క విసురుకు లేచిపోయింది. ఇంట్లో ఏడుగురూ నిట్రాడును చుట్టుకుని, ఒకరి చేతులు ఒకరు పట్టుకుని, వానలో తెల్లవార్లూ నిలబడ్డారు. తెల్లారాక కృష్ణ ఒడ్డుకు ఏమేం కొట్టుకొచ్చాయో ఆవిడ ఇప్పటికీ చెప్పదు. ఇన్నేళ్ల కాపురంలో ఒక్కసారి మొదలుపెట్టి ఆపేసింది. నేను మళ్లీ అడగలేదు. వాళ్లమ్మ మాత్రం ఆ తర్వాత సముద్రం వైపు పోలేదు. నేను బాపట్లలో పనిచేసిన రోజుల్లో కార్తీక పున్నమికి ఊరంతా బళ్లు కట్టుకుని సూర్యలంక స్నానాలకు వెళ్తుంటే, ఆమె మా క్వార్టర్లో తలుపేసుకుని కూర్చునేది.

మూడు రోజులు మాట్లాడలేదు మా ఆవిడ. నాలుగో రోజు పొద్దున కాఫీ ఇస్తూ, "అమ్మ ఎటూ చూడకుండానే పోయింది. నేను చూస్తాను" అంది.

చెన్నైకి రైల్లో రాత్రికి రాత్రి వెళ్లిపోయాం. ఈ దారి మీద మా తాతయ్య గురించి చెప్పాలి. ఆయన తెనాలి బియ్యం వ్యాపారి దగ్గర పడవ గుమాస్తా. దుగ్గిరాల మీదుగా కొమ్మమూరు కాలువలో పెదగంజాం దాకా, అక్కడి నుంచి బకింగ్‌హాం కాలువలో మద్రాసు దాకా సరుకు పడవ మీద వెళ్లేవాడు. సీతానగరం నుంచి లెక్కేస్తే కొమ్మమూరు కాలువ 113 కిలోమీటర్లు, పెదగంజాం నుంచి మద్రాసు ఇంకో 316. గాలి కలిసొస్తే తెరచాప. లేదంటే ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ భుజాన తాడు వేసుకుని లాగాలి. పోయేటప్పుడు బియ్యం, వచ్చేటప్పుడు ఉప్పు, సరుగుడు కట్టెలు. 1877-78 ధాత కరువులో తిండికోసం మట్టి మోసిన కూలీలు మద్రాసు ఊళ్లో తవ్విన ముక్కతో ఆ కాలువ కలిసిందనీ, అప్పటి గవర్నరు పేరే దానికి పెట్టారనీ నేను తర్వాత చదువుకున్నాను. తాతయ్యకు అదేం తెలియదు. ఆయనకు తెలిసింది లాకులు.

లాకు పని చూడాలి. గోడల మధ్య నీటి గది. కిందినుంచి వచ్చిన పడవ లోపలికి దూరగానే వెనక తలుపులు మూస్తారు. ముందు వైపు చిన్న తూములు ఎత్తుతారు. చప్పుడు లేకుండా నీళ్లు నిండుతాయి. పడవా, పడవలో బియ్యం బస్తాలూ, బస్తాల మీద మనిషీ, ఎవరూ లాగకుండా, ఎవరూ మోయకుండా పైకి లేస్తారు. పై కాలువతో మట్టం కుదరగానే ముందు తలుపులు తెరుచుకుంటాయి. దుగ్గిరాలలో నేను పనిచేసేనాటికి పడవల్లేవు, తలుపులు తుప్పు. కాని గోడ రాళ్ల అంచుల మీద తాళ్లు ఒరుసుకుని పడ్డ గాడులు ఉన్నాయి. వేలు పెడితే వేలు పట్టేంత లోతు. వాటిలో మా తాతయ్య పడవ తాడు ఒరిసిన గీత ఏదో ఒకటి ఉండి ఉంటుందని చాలాసార్లు తడిమాను.

ఆనకట్టకూ ఈ కాలువలకూ బాట వేసిన కాటన్ దొర, కాలువలు పొలాలకే కాదు, పడవలకూ అనేవాడు. కృష్ణ ఆనకట్ట 1855లో పూర్తయింది. దేశానికి రైళ్లకంటే పడవల కాలువలే మేలని ఆయన చివరిదాకా వాదించాడు. గెలవలేదు. 1899లో బెజవాడ, మద్రాసుల మధ్య రైలు కలిసింది, తెనాలి మీదుగా, బాపట్ల మీదుగా. 1916లో రేపల్లెకూ రైలొచ్చింది. పడవలు ఒక్కసారిగా ఆగిపోలేదు, కొన్నేళ్లు పోటీ పడ్డాయి, తర్వాత అరిగిపోయాయి. తాతయ్య పనీ అలాగే పోయింది. నాకు బుద్ధి తెలిసేనాటికి ఆయన రోజూ సాయంత్రం కాలువ గట్టు మీద, చింతచెట్టు కింద కూర్చునేవాడు. "ఆ నీళ్లలో ఏం చూస్తావు పొద్దస్తమానం?" అని నాయనమ్మ విసుక్కునేది. ఆయన జవాబు చెప్పేవాడు కాదు. నేను పక్కన కూర్చున్నా చెప్పలేదు.

ఓడ పేరు ఎంప్రెస్. 1990లో కట్టిన ఓడే గాని లోపల అంతా తళతళలాడుతోంది. 210 మీటర్ల పొడవు. ప్రకాశం బ్యారేజీలో ఆరో వంతు అని మనసులో లెక్క కట్టుకున్నాను. పదకొండు అంతస్తులు, లిఫ్టులు, ఈతకొలను, థియేటరు, మెత్తటి తివాచీలు, మంచం పక్కనే అద్దాల కిటికీ. మా ఆవిడ ముందు చూసింది మాత్రం బాత్‌రూములో కుళాయి. తిప్పి, నాలుక మీద వేసుకుని, "మంచినీళ్లేనండీ" అంది. ఆ సంగతి మళ్లీ చెబుతాను.

ఓడ కదలకముందే అందరినీ ఒకచోట నిలబెట్టి, లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో, ప్రమాదమొస్తే ఎవరు ఏ లైఫ్ బోటు దగ్గరికి పోవాలో చూపించారు. మా ఆవిడ ప్రతి మాటా శ్రద్ధగా విని, మా బోటు నెంబరు చీర చెంగున ముడి వేసుకున్నట్టు రెండుసార్లు పైకి అనుకుంది. నాకు మోటుపల్లి గుర్తొచ్చింది. అది ఇప్పటి బాపట్ల జిల్లాలోనే ఉంది. వీరభద్రస్వామి గుడి దగ్గర కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. అంతకు ముందు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే ఆ సరుకంతా రాజులు లాక్కునేవారు. గణపతిదేవుడు అది మానేశాడు. మీ సొత్తు మీదే, మాకు రావలసిన సుంకం ఒక్కటి ఇస్తే చాలు అని, ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చే వర్తకులకు మాట ఇచ్చి రాతి మీద చెక్కించాడు. మా తీరం ఒకనాడు సముద్రంతో అలా మాట్లాడింది. ఆ పక్కనే నిజాంపట్నం. 1611లో ఇంగ్లీషు కంపెనీ వాళ్ల గ్లోబ్ ఓడ అక్కడికీ, మచిలీపట్నానికీ వచ్చింది. అంత రాకపోకలున్న ఒడ్డున పుట్టి, మేం మోకాలి లోతు దాటి లోపలికి పోలేదు. పున్నమికి ఒక మునక, అంతే.

ఓడ వదిలేటప్పుడు కింద కొందరు లావుపాటి తాళ్లు విప్పుతూ కనబడ్డారు. ఎన్ని ఇంజన్లు నడిపినా తాడు తాడే. మా లస్కర్లు జ్ఞాపకం వచ్చారు. మా శాఖలో కాలువ గట్టున తిరిగి, షట్టర్లు తిప్పి, గేజి చూసే మనిషిని లస్కరంటారు. ఆ మాట మొదట ఓడలది. పారశీకంలో లష్కర్ అంటే సైన్యం. తెల్లవాళ్ల ఓడల్లో తాళ్లు లాగి, బొగ్గు వేసి చచ్చిన మనదేశపు నావికుల్ని లస్కర్లన్నారు. అదే మాట ఎలాగో మా కాలువ గట్లెక్కి వానలో గొడుగు పట్టుకుని నిలబడింది. వాళ్ల కేకలు విని ముప్పై నాలుగేళ్లు రాసుకున్నాను. వాళ్లలో ఒక్కడు కూడా రిటైరయ్యాక ఇలాంటి ఓడ ఎక్కలేడు. ఈ మాట అక్కడ డెక్ మీదా గుచ్చుకుంది, ఇప్పుడు రాస్తుంటేనూ గుచ్చుకుంటోంది.

మర్నాడంతా సముద్రమే.

పొద్దున లేచేసరికి కిటికీలో నీళ్లు తప్ప ఏమీ లేవు. రంగు నేననుకున్న నీలం కాదు. కలం సిరా ఒలికినట్టు, నలుపుకు దగ్గర. ఓడ అంచు నీటిని కోసినచోట మాత్రం లోపలినుంచి పచ్చటి వెలుగొచ్చి, తెల్లగా నురగై, నిమిషంలో మళ్లీ సిరా అయిపోతోంది. చిన్న చిన్న చేపలు నీళ్లలోంచి లేచి, పిచ్చుకల గుంపులా కొంత దూరం ఎగిరి మళ్లీ దూకేస్తున్నాయి. ఊపు పెద్దగా లేదు. ఇలాంటి ఓడలకు అడుగున రెండు పక్కలా రెక్కల్లాంటివి ఉంటాయి, అవి ఊపును కాచుకుంటాయి. మా ఆవిడ మాత్రం మొదటి పూట రైలింగ్ వదల్లేదు.

"ఏవండీ, అవతలి గట్టు ఎంత దూరముంటుంది?" అంది.

"ఇటు బర్మా. వెయ్యి కిలోమీటర్ల పైమాటే."

కాసేపు ఊరుకుంది. గట్టు లేని నీళ్లు మనసుకు ఎక్కడానికి ఆవిడకూ టైం పట్టింది, నాకూ పట్టింది. నా కళ్లు అదే పనిగా దేనికోసమో వెతుకుతున్నాయి. కొంతసేపటికి తెలిసింది, గేజి పలక కోసం. ఇక్కడ ఎంత ఉందో, పెరిగిందో తగ్గిందో ఎవరూ అడగరు. వంతు లేదు. మోతుబరి లేడు, చివరి భూమి లేదు. రాసుకోవడానికి ఏమీ లేని నీళ్ల ముందు నేను మొదటిసారి కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

టీ తెచ్చిన కుర్రాడు మా మాటలు విని ఆగిపోయాడు. "తెలుగోళ్లాండీ?" మాది తెనాలి అంటే, వాళ్లది ఉద్దానం అన్నాడు. నెలల తరబడి కాంట్రాక్టట, ఇంటికి డబ్బు పంపుతున్నాడట. "మా ముత్తాత రంగం ఎల్లొచ్చాడండి, ఓడ మీదే" అన్నాడు. రంగమంటే రంగూను. ఆ రోజుల్లో కాకినాడ నుంచి, భీమునిపట్నం నుంచి కూలికి పోయిన వేలమంది ఓడ పై తట్టున, ఎండా వానల్లో, మూటల మీద పడుకుని పోయారు. ఆ సముద్రం మీదే మేం మెత్తటి కుర్చీల్లో కూర్చున్నాం. "కూర్చో బాబూ" అంది మా ఆవిడ. "డ్యూటీ అండి పిన్నిగారూ" అని నవ్వి వెళ్లాడు. ఆ సాయంత్రం మళ్లీ వచ్చి, అడక్కుండానే ఆవిడకు అల్లం టీ ఇచ్చాడు.

మధ్యాహ్నం దాటాక ఫోన్ తీశాను. సిగ్నల్ లేదు గాని మ్యాపులో నీలం చుక్క మాత్రం కదులుతోంది. చుట్టూ ఖాళీ. వేలితో మ్యాపును జరిపితే ఎడమ పక్కన తీరం గీత కనబడింది. నిజాంపట్నం అఖాతం, కృష్ణ పాయలు చీలి సముద్రంలో కలిసే చోటు, దాని పైన దివిసీమ.

"మీ ఊరికి ఎదురుగా వచ్చాం" అన్నాను.

లేచి నిలబడింది. "ఎటు?"

ఎడమచేతి వైపు చూపించాను. "కనబడదు. వంద కిలోమీటర్ల పైన ఉంది. ఈ డెక్ ఎత్తు నుంచి మన చూపు ఇరవై కిలోమీటర్లు ఆనితే గొప్ప. భూమి గుండ్రం కదా."

అది విన్నా ఆవిడ కదల్లేదు. చెంగు నడుముకు దోపుకుని, పడమటి వైపు చూస్తూ అరగంట నిలబడింది. నేనేం మాట్లాడలేదు. 1977లో ఆ రాత్రి వచ్చింది ఈ నీళ్ల మీదుగానే. ఇప్పుడవి ఎండలో మెరుస్తూ పడున్నాయి. వచ్చి కూర్చున్నాక, "అమ్మని ఒక్కసారి తీసుకొచ్చి ఉంటే బాగుండేదండీ" అంది. అంతకంటే ఏమీ అనలేదు. ఆ తర్వాత మాత్రం రైలింగ్ పట్టుకోలేదు.

నేను మ్యాపు మూయలేదు. మా కాలువల చివరి నీళ్లు డ్రెయిన్లలో పడతాయి. నల్లమడ, పేరలి, ఇంకా చిన్నచిన్నవి. అవి బాపట్ల, నిజాంపట్నాల పక్కన సముద్రంలో కలుస్తాయి. నేను క్యూసెక్కుల లెక్కన వదిలి, వంతులు వేసి, తగాదాలు తీర్చి పంపిన నీళ్లలో మిగిలినదంతా ఇక్కడికే వచ్చింది. వృథాగా. ఆ మాట అక్కడ, ఆ కుర్చీలో, నోటికి రాలేదు.

తెనాలి నేల ఎక్కడిది? రేపల్లె నేల ఎక్కడిది? వేల ఏళ్లుగా కృష్ణ ఒండ్రు మోసుకుని సముద్రంలోకి పోబట్టే కదా సముద్రం వెనక్కి జరిగి ఇంత డెల్టా తేలింది. మా వరి, మా మినుము, మా అరటి, మా నిమ్మ, అన్నీ ఏ గేటూ ఆపని నీళ్లు వదిలి వెళ్లిన మట్టి మీదే. నిజాంపట్నం దగ్గర మడ అడవులకు ఉప్పూ తీపీ కలిసిన నీళ్లు కావాలి. ఆ మడచెట్ల వేళ్ల మధ్య రొయ్య, పీత, పండుగప్ప పిల్లలు పెరుగుతాయి. వాటి మీద ఆ తీరమంతా బతుకుతోంది. ఇవన్నీ నాకు తెలియనివి కావు. చదువుకున్నవే. కాని నేనెప్పుడూ గట్టు మీద నిలబడి, నది పోతున్న వైపు వీపు చూపించి లెక్కలు రాశాను. నది వెళ్లి చేరిన చోట కూర్చుని వెనక్కి చూడడం ఇదే మొదలు. రైతుకు నీళ్లు దక్కాల్సిందే. దాని కోసం నా జీతం రాళ్లన్నీ తిన్నాను, ఇప్పటికీ అదే అంటాను. ఆ ఒక్క మాట మాత్రం నేను రాసి ఉండాల్సింది కాదు.

కుళాయి సంగతి. ఓడలోనే ఉప్పునీటిని మరిగించో, పొరల గుండా నెట్టి వడగట్టో మంచినీళ్లు చేసుకుంటారు. రాత్రి స్నానానికి వెళ్లి, వేడినీళ్లు ధారగా పడుతుంటే చప్పున కట్టేశాను. నిజాంపట్నం కాలువ చివర, సముద్రం వాసన వచ్చే ఊళ్లలో భూమిలో ఎంత లోతుకు దింపినా ఉప్పే. వేసవికి ముందు కాలువలో నీళ్లు వదిలి అక్కడి తాగునీటి చెరువులు నింపాలి. ఒక ఏడు, పైనుంచి నీళ్లు చాల్లేదు. ఒక ఊరికి మూడో రోజుకు గాని చేరలేదు. బిందెలతో గట్టు మీద కూర్చున్న ఆడవాళ్లు నన్ను తిట్టలేదు, దండం పెట్టారు. ఆ దండం ఇప్పటికీ మోస్తున్నాను. రెండువేల మందికి సముద్రం మధ్యలో స్నానాలకు మంచినీళ్లు తయారవుతున్నప్పుడు, సముద్రం పక్కనున్న ఆ ఊళ్లకు ఎందుకు కావు? సమాధానం డబ్బులో ఉందనీ, కరెంటులో ఉందనీ ఇంజనీరుగా నాకు తెలుసు. అడగకుండా ఉండలేకపోతున్నాను, అంతే.

రాత్రి డెక్ మీద దీపాలు తక్కువున్న మూల చూసుకుని కూర్చున్నాం. అటు పాటలు, భోజనాలు, పిల్లల కేరింతలు. మా వయసువాళ్లు చాలామందే ఉన్నారు. ఎవరినీ ఎవరూ ఎక్కడ పనిచేశారని అడగడం లేదు. చీకట్లో నీళ్లు కనబడవు, చప్పుడే. కాలువ చప్పుడు ఒక వైపుకు పోతుంది. ఇది ఎటూ పోదు. మా తాతయ్య చింతచెట్టు కింద ఏం చూసేవాడో నాకు తెలిసిందని చెప్పను. ఆయన పక్కన మళ్లీ కూర్చున్నట్టు మాత్రం అనిపించింది. ఈసారి నేనూ ఏమీ అడగలేదు.

తర్వాతి పొద్దున డాల్ఫిన్ నోస్ కొండ మంచులోంచి బయటపడింది. విశాఖలో దిగి, సింహాచలం అప్పన్నను చూసి, సాయంత్రానికి మళ్లీ ఓడెక్కాం. అప్పటికి అక్కడ ఓడల ప్రయాణికుల కోసం టెర్మినల్ ఇంకా కడుతున్నారు. 96 కోట్ల ఖర్చుతో 2023 సెప్టెంబరులో దాన్ని ప్రారంభించారు. చివరికి ఎక్కిన చెన్నైలోనే దిగాం. అయిదు రాత్రులు నీళ్ల మీద తిరిగి, ఏ అవతలి గట్టుకూ చేరకుండా, బయల్దేరిన చోటికే వచ్చాం. మా బావ, "ఏం చూశారు?" అన్నాడు. "నీళ్లు" అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఆగస్టులో కృష్ణకు వరదొచ్చింది. బ్యారేజీ 70 గేట్లూ ఎత్తారు. పొద్దున్నే మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పేపరు చదువుతూ, ఆ వార్త దగ్గర ఆగింది. ఎన్ని లక్షల క్యూసెక్కులో చదివింది. తర్వాతి మాట చదవకుండా నా వైపు చూసి, పేపరు మడిచింది.

"పెనుమూడి వెళ్లొద్దామా?" అంది.

రేపల్లె పాసింజరులో వెళ్లి, ఆటో ఎక్కి రేవుకు చేరాం. పాత మెట్లు సగం మునిగాయి. ఎర్రటి నీళ్లు, ఒండ్రు వాసన, అవతలి గట్టు దాకా నిండుగా, చప్పుడు లేకుండా బరువుగా పోతున్నాయి. ఆవిడ కింది మెట్టు దాకా దిగి, పాదాలు తడిపి నిలబడింది. మంచం పట్టేంత గుర్రపుడెక్క దుబ్బు ఒకటి ఊదారంగు పూలతో సహా కొట్టుకొస్తోంది. దాని మీద ఒక తెల్ల కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. వంతెన కిందనుంచి బయటికొచ్చి, నది మలుపులో సముద్రం వైపు తిరిగిపోయిందాకా ఆవిడ దాన్నే చూసింది. నేనూ చూశాను.